చెవికి చుట్టిన జంధ్యం

"సంతకం పెట్టు, ధాపూ. పెన్ను లేకపోతే నాది తీసుకో."

ఇన్‌స్పెక్టర్ తేజ్‌పాల్ చూండావత్ కాగితాల కట్టను బల్లమీద ముందుకు తోశాడు. అజ్మీర్ నుంచి వచ్చిన ప్రత్యేక దళానికి అతనే పెద్ద. వచ్చి ఒకటిన్నర రోజు కాలేదు, పుష్కర్ ఠాణాలో కూలర్‌కి ఎదురుగా ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీ అతనిదైపోయింది.

సబ్ ఇన్‌స్పెక్టర్ ధాపు మేఘవాల్ కూర్చోలేదు. నిలబడే మూడు పుటలూ చదివింది. గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది.

"ఛీతర్‌మల్ పరాశర్, డెబ్భై ఒక్క ఏళ్ళ పండా, ఇక్కడి తీర్థ పురోహితుడు, నిన్న తెల్లవారుజామున నాలుగున్నరకి ముర్లీ ఘాట్‌కి స్నానానికి వెళ్ళాడు. సుప్యార్ అనే కాల్‌బేలియా సంచారజాతి ఆడది ఆయన నడుముకున్న తాళంచెవి లాక్కోబోయింది. పెనుగులాటలో తోసింది. మెట్టుకి తల కొట్టుకుని నీళ్ళలో పడి చనిపోయాడు. ఇంతేనా సార్?"

"ఇంకేం కావాలి? తాళంచెవి దాని బొడ్లో దొరికింది. ఎలా వచ్చిందో చెప్పదు. నిన్న సాయంత్రం అయిదింటికి అరెస్టు చేశాను. ఇవాళ నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు పెడుతున్నాను. నీ సంతకం ఒక్కటే తరువాయి."

"శవం దగ్గరికి మొదట వెళ్ళింది నేను. అయిదూ యాభై అయిదుకి. పంచనామా మీద నా పేరు లేకపోతే రేపు వకీలు మీ కాగితాన్ని గాలిపటం చేస్తాడు. అందుకేగా ఈ మర్యాద?"

తేజ్‌పాల్ మీసం దువ్వుకున్నాడు. "నీ పేరుకి అర్థం తెలుసా? వరసగా ఆడపిల్లలు పుడుతుంటే 'ఇక చాలు' అని పెట్టే పేరు. మీ నాన్న చెప్పిందే నేనూ చెబుతున్నా. చాలు."

"ఆయన చెప్పినప్పుడే దేవుడు వినలేదు సార్. నా తర్వాత ఇంకో చెల్లెలు కూడా పుట్టింది."

తలుపు దగ్గర నిలబడ్డ మహిళా కానిస్టేబుల్ బిదామీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

ధాపు తన ఫోన్ తీసి ఒక ఫొటో చూపించింది. మెట్ల మీద వెల్లకిలా పడుకోబెట్టిన ముసలాయన. తడిసిన ధోవతి. బోసి ఛాతీ. జంధ్యం మెడమీంచి పైకి లాగి కుడిచెవికి రెండు చుట్లు బిగించి ఉంది.

"ఇది నేను వెళ్ళగానే తీసింది. మీ ఫొటోగ్రాఫర్ ఏడున్నరకి వచ్చాడు. ఈలోగా ఎవరో పండాలు గుడ్డ కప్పుతూ జంధ్యం సర్దేశారు. మీ ఫొటోల్లో అది మామూలుగా భుజంమీద ఉంటుంది."

"అయితే?"

"అదే నేనూ అడుగుతున్నా. ఇంకొకటి, ఆయన మోజ్డీలు నీళ్ళకి ఆనుకున్న ఆఖరి మెట్టుమీద దొరికాయి. ఈ ఊళ్ళో పసిపిల్లలు కూడా జోళ్ళు పైన గల్లీలోనే వదిలి దిగుతారు. అరవై ఏళ్ళుగా పదిమందికి ఆ నియమం చెప్పిన మనిషి, తోలు జోళ్ళు సరోవరం అంచుదాకా తొడుక్కొస్తాడా?"

"తొందరలో వచ్చాడేమో."

"స్నానానికి తొందరేమిటి సార్, రైలుకా?"

తేజ్‌పాల్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "చూడు. శవం నిన్న సాయంత్రమే కాలిపోయింది. నీ ఫోన్లో ఉన్న బొమ్మ సాక్ష్యం కాదు, ముచ్చట. నాలుగింటిదాకా టైమిస్తున్నా. సంతకం పెట్టకపోతే, పై అధికారి మాట ధిక్కరించిందని రెండో కాగితం రాస్తాను. అది ఇంతకంటే చిన్నది, త్వరగా పూర్తవుతుంది."

"రెండూ పక్కపక్కనే పెట్టండి సార్. వచ్చి ఏది చదవాలో చూసుకుంటాను" అని ఆమె టోపీ తీసుకుంది.

*

సుప్యార్ ఆడవాళ్ళ గదిలో నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. నల్లటి ఘాగ్రా చుట్టూ చెరువులా పరుచుకుంది. ముంజేతుల మీద పచ్చబొట్లు. మొహంలో బెరుకు లేదు, విసుగుంది.

"ఏం ఠాణేదారమ్మా, నీ వంతా? ఆయన అరిచి అడిగాడు. నువ్వు మెల్లగా అడుగుతావు. ప్రశ్న మాత్రం అదే."

"తాళంచెవి నీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"నడుముకి కట్టుకున్నాను. వచ్చింది."

"నాలుగింటికి కోర్టు. తర్వాత జైలు."

"జైల్లో కొళాయి ఉంటుందంటారుగా. మా డేరాకి మూడ్రోజులకోసారి ట్యాంకరు."

ధాపుకి నవ్వొచ్చింది, ఆపుకుంది. ఎదురుగా నేలమీదే కూర్చుంది. "సరే, తాళంచెవి వదిలేయ్. నిన్న తెల్లారగట్ల ఎక్కడున్నావ్?"

"ఘాట్ గల్లీ మొదట్లో, అరుగుమీద. పొద్దున బస్సు దిగే యాత్రికులకి కాటుక అమ్మాలంటే ముందురోజే చోటు పట్టుకోవాలి. లేకపోతే గాజులవాళ్ళు కూర్చుంటారు."

"ఏమైనా చూశావా?"

"చూడలేదు. విన్నాను. తోపుడుబండి ఒకటి పోయింది. చక్రం కీచుమంటోంది. పోయేప్పుడు మెల్లగా, బరువుగా. వచ్చేప్పుడు పరుగు మీద."

"ఎన్నింటికి?"

"నాకు గడియారం ఎక్కడిది? పాలవ్యాను ఇంకా రాలేదు."

పాలవ్యాను ప్రతిరోజూ నాలుగింటికి ఆ గల్లీ మలుపులో ఆగుతుంది. ఠాణా టీకి పాలు దాంట్లోంచే వస్తాయి కాబట్టి ధాపుకి తెలుసు.

"ఈ మాట ఇన్‌స్పెక్టర్‌కి చెప్పావా?"

"ఆయన అడగలేదు. 'నువ్వే చంపావా' అన్నాడు. 'కాదు' అన్నాను. ఆయన దగ్గరున్న ప్రశ్నలు అక్కడితో అయిపోయాయి."

"నిన్ను కాపాడాలని చూస్తున్నాను, సుప్యార్. తాళంచెవి సంగతి చెబితే పని సులువవుతుంది."

సుప్యార్ ఘాగ్రా అంచు దగ్గరికి లాక్కుంది. "నేనొకరికి మాటిచ్చాను. ఆయన పోయాడు. పోయినవాడికిచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఎలాగో నాకు తెలీదు. నువ్వు ముందు ఆ కాగితం మీద సంతకం పెడతావో పెట్టవో చూస్తాను. ఆ తర్వాత మాట్లాడదాం."

*

పన్నెండూ ఇరవైకి ధాపు, బిదామీ ఛీతర్‌మల్ హవేలీకి చేరారు. జ్యేష్ఠమాసపు వడగాలికి గల్లీలో కుక్క కూడా లేదు.

చనిపోయినాయనకి పిల్లల్లేరు. ఉన్నది అన్నకొడుకు నౌరత్, ముప్పై అయిదేళ్ళవాడు. కొరివి పెట్టింది అతనే. గుండు చేయించుకుని, తెల్లగుడ్డ చుట్టుకుని వాకిట్లో చాపమీద కూర్చున్నాడు. యాత్రకొచ్చిన కుటుంబాల పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు తరతరాలుగా రాసి పెట్టే పుస్తకాలు, బహీలు, ఇంటి వెనకగదిలో ఉంటాయి. ఆ గది తాళంచెవే సుప్యార్ దగ్గర దొరికింది.

"మైలలో ఉన్నాం మేడమ్. పన్నెండో రోజు దాటాక రండి."

"మీ బాబాయి అంతసేపు ఆగలేడు. నిన్న ఆయన ఎన్నింటికి లేచాడు?"

"నాలుగుంబావుకి. నాలుగున్నరకి బయల్దేరాడు. తలుపు నేనే తీశాను."

"ఆ పావుగంటలో ఏం చేశాడు?"

"ఏం చేస్తాడు, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. చెంబు పట్టుకున్నాడు. వెళ్ళాడు."

"పెరట్లోకి వెళ్ళాడా?"

"లేదు. నేరుగా ఘాట్‌కే."

"డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి. నిద్రలేచి పెరట్లోకే వెళ్ళలేదు."

"వెళ్ళలేదన్నానుగా."

చెప్పడంలో తొందరెక్కువైంది. ధాపు రెండడుగులు పెరటివైపు వేసింది. నౌరత్ లేచి అడ్డం నిలబడ్డాడు.

"అటు వద్దు మేడమ్. అటు మడి వంటిల్లు. మీవాళ్ళెవరూ ఇక్కడిదాకా రారు. పెద్దలు పెట్టిన కట్టు."

ధాపు గొంతు పెంచలేదు.

"చెప్పులు గుమ్మంలో విప్పాను నౌరత్‌జీ. కులం విప్పడం నాకు రాదు. నేర్చుకునే ఉద్దేశమూ లేదు. జరుగుతారా, లేకపోతే పోలీసు పనికి అడ్డం పడ్డారని రాసుకోనా?"

అతను జరిగాడు.

పెరడు చిన్నది. ఒక మూల మరుగుదొడ్డి. దాని ముందు రాతిపలకల నేలమీద పేడతో అలికిన పాతపూత, ఎండకి బీటలువారి ఉంది. దొడ్డి గుమ్మం ముందు మాత్రం ఒక మనిషి పడుకునేంత మేర బీటలు లేవు. నున్నగా, పచ్చగా, వేళ్ళ గీతలతో సహా కొత్తగా ఉంది.

"ఇది ఎప్పుడు అలికారు?"

"మొన్న. మా ఆవిడ అలికింది."

గోడ అవతలి డాబా మీంచి ఒక ముసలి గొంతు వినిపించింది. "ఏ ఆవిడరా నౌరత్? నీ పెళ్ళాం నాగౌర్ వెళ్ళి నెలైందిగా. దెబ్బలాడి వెళ్ళింది, ఇల్లు అలకడానికి మొన్న ఎప్పుడు వచ్చింది?"

ధాపు తలెత్తింది. పక్కింటి గీగీబాయి డాబా మీద ఒడియాలు తిరగేస్తోంది. ఎనభై దాటినా ఆమె చెవులకి ఏ లోటూ లేదు.

"బాయీ, నువ్వు చూశావా అలకడం?"

"నిన్న పొద్దున్నే వీడే అలికాడు. శవాన్ని పోస్టుమార్టానికి అజ్మీర్ తీసుకెళ్ళిన కాసేపటికి. మైల ఇంట్లో అలకడమేమిట్రా అని నేనే అరిచాను. సమాధానం చెప్పకుండా లోపలికి పోయాడు."

"ఆవిడకి మతి స్థిరం లేదు" అన్నాడు నౌరత్.

"మతి లేనిది నాకా? పొయ్యి కూడా ముట్టించకూడని ఇంట్లో పేడ కలిపినవాడివి నువ్వు" అని గీగీబాయి ఒడియాలు వదిలి పిట్టగోడకి ఆనుకుని స్థిరంగా కూర్చుంది. ఇక అక్కడినుంచి కదలనని చెప్పకనే చెప్పింది.

ధాపు మోకాళ్ళమీద కూర్చుని జేబులోంచి చిన్న చాకు తీసింది. కొత్తపూత పెచ్చులుగా లేచింది. కింద రాతిపలక కడిగి ఉంది. రెండు పలకల మధ్య సందు మాత్రం ఎవరూ కడగలేదు. సందులో మట్టి నల్లగా, గడ్డకట్టి ఉంది. వేలితో నలిపితే ఎర్రటి పొడి రాలింది.

"బిదామీ, ఫోరెన్సిక్ నిపుణుల దళానికి ఫోన్ చెయ్. బాయీ, నువ్వు కిందికి రా, సాక్షి సంతకం కావాలి."

"వేలిముద్రే" అంది గీగీబాయి. "వస్తున్నా."

*

ఆ ముసలామెకంటే ముందు తేజ్‌పాల్ వచ్చాడు. బూట్ల చప్పుడు వాకిట్లోంచే వినిపించింది.

"నా అనుమతి లేకుండా నిపుణుల దళాన్ని పిలిచావా? చనిపోయినవాళ్ళ ఇంట్లో నేల తవ్వుతున్నావా? సేఠ్ ఘీసూలాల్ సోఢానీ పొద్దుట్నించి రెండుసార్లు ఫోన్ చేశాడు, రెండోది ఇప్పుడే, ఇక్కడ నేల తవ్వుతున్నారని. చనిపోయిన పండా ఆ సేఠ్ కుటుంబానికి తరతరాల పురోహితుడు. ఈ ఇంటిని వేధించొద్దని అడిగాడు."

"మక్రానా చలవరాళ్ళ సేఠ్‌కి ఇక్కడ నేల తవ్వుతున్నానని ఎవరు చెప్పారు సార్? నాకే పావుగంట కిందట తెలిసింది."

తేజ్‌పాల్ నౌరత్ వైపు చూశాడు. నౌరత్ చేతిలో ఉన్న ఫోన్ చాప కిందికి జారింది.

"ఒక్కటి అడుగుతాను సార్, కోపం తెచ్చుకోకండి" అంది ధాపు. "మీరు జంధ్యం వేసుకుంటారా?"

"వేసుకుంటాను. రాజపుత్రుణ్ణి."

"చెవికి ఎప్పుడు చుట్టుకుంటారు?"

అతని చూపు తనంతట తనే మరుగుదొడ్డి గుమ్మం మీదికి వెళ్ళింది.

"నాకు జంధ్యం లేదు. మా ఇంట్లో ఎవరికీ ఉండే హక్కు లేదు. అయినా నాకు తెలుసు. పెరట్లోకి వెళ్ళేముందు చుడతారు. వచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కున్నాకే తీస్తారు. ఆయన చెవికి అది ఉండగానే సరోవరంలో తేలాడు. మరి పెరట్లోకి వెళ్ళనే లేదని నౌరత్‌జీ అంటున్నారు. నేరుగా ఘాట్‌కి వెళ్ళాడట. నౌరత్‌జీ, మీరే చెప్పండి. చెవిన జంధ్యంతో మీ బాబాయి పుష్కర తీర్థంలో దిగుతాడా?"

నౌరత్ చెయ్యి అతనికి తెలియకుండానే కుడిచెవి మీదికి పోయింది.

"ఆయన ఇక్కడ పడ్డాడు" అంది ధాపు. "దొడ్డిలోకి వెళ్ళబోతుంటే వెనకనుంచి తలమీద కొట్టారు. తోపుడుబండి మీద వేసి తీసుకెళ్ళారు. నాలుగింటికి ముందే. మీరు తలుపు తీశానంటున్న నాలుగున్నరకి ఆయన నీళ్ళలో ఉన్నాడు. జోళ్ళు అంచున పెట్టినవాడు ఈ ఊరివాడు కాదు. మీకు సాయం వచ్చినవాళ్ళు బయటివాళ్ళు."

మెట్లు దిగి వచ్చిన గీగీబాయి "నారాయణ" అని గోడకి చేరబడింది.

తేజ్‌పాల్ వంగి, రాతిసందులోని మట్టి తనే వేలితో తీసి చూశాడు. మొండివాడే కానీ గుడ్డివాడు కాదు. నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అయినా ఒక ప్రశ్న మిగిలింది. ఆ ఆడదాని దగ్గర తాళంచెవి ఎందుకుంది? నువ్వు దానికి జవాబు చెప్పలేవు, అదీ చెప్పదు."

"గది చెబుతుందేమో. తాళంచెవి మీ జేబులోనేగా ఉంది. తియ్యండి."

*

గదిలో పాతకాగితం వాసన. ఎర్రగుడ్డలో చుట్టిన పొడవాటి బహీలు గోడ పొడుగునా అరల్లో ఉన్నాయి. నాలుగైదు వందలుంటాయి. ఒక్కోటి వెతకాలంటే వారం పడుతుంది.

ధాపు బహీల వైపు చూడలేదు. గుమ్మంలో నిలబడి నౌరత్ కళ్ళనే చూసింది. తలుపు తెరుచుకోగానే అవి ఎడమచేతి వైపు మూడో అరకి పరుగెత్తాయి.

ఆమె వెళ్ళి ఆ అరలో సేఠ్ ఇంటిపేరు కనబడ్డ చివరి బహీ తీసింది. గుడ్డమీద 'సోఢానీ, కుచామన్ వారు' అని రాసి ఉంది. తిరగేసింది. కాగితానికి ఒక్కటే అంకె వేసి ఉంది, నూట అరవై రెండో పుట తర్వాత నూట అరవై నాలుగు ఉంది.

"ఒక పుట లేదు" అంది.

"లేదా?" అన్నాడు నౌరత్. మాట జారింది. "అక్కడే ఉండాలే..."

"ఏది ఉండాలి?"

అతని గుండుమీద చెమట బొట్లు కట్టింది. పెదవి కొరుక్కున్నాడు.

తేజ్‌పాల్ పుస్తకం లాక్కోబోయాడు. "ఆ ఆడదే చింపి ఉంటుంది. చూశావా, నేను చెప్పలా?"

"చింపలేదు సార్. ఇటు చూడండి." ధాపు బహీ వెన్నుమీద వేలు పెట్టింది. "మా నాన్న మోజ్డీలు కుట్టేవాడు. దారం నాకు చదువుకంటే ముందు తెలుసు. ఈ కుట్టు మొదటినుంచీ విప్పారు. పుట తీసి, పాత బెజ్జాల్లోంచే మళ్ళీ కుట్టారు. మైనం రాసి ముడివేశారు. గంట పని. ఒక్క అక్షరం చెదరలేదు. ఇలా చేయగలిగింది ఈ ఇంట్లో ఒక్కడే. ఆయనే పుట తీశాడు. తీసి దాచాడు. ఎవరికోసం దాచాడో ఆ మనిషికే తాళంచెవి కూడా ఇచ్చాడు, మిగతావి కూడా ఎవరూ ముట్టుకోకుండా."

నౌరత్ గోడకి జారగిలబడి కూర్చుండిపోయాడు. తను బాబాయిని చంపించింది లేని పుట కోసమని అతనికి ఇప్పుడు అర్థమైంది.

తేజ్‌పాల్ మీసం మీదికి చెయ్యి పోలేదు. "వీణ్ణి ఠాణాకి తీసుకురండి" అని మాత్రం అన్నాడు.

*

మూడూ ఇరవైకి ధాపు ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళి, ఆ మూడు పుటల కాగితాలు సుప్యార్ ముందు పరిచింది. చివర తన పేరు అచ్చయి ఉన్నచోట ఖాళీగా ఉంది.

"పెట్టలేదు. పెట్టను. సోఢానీ బహీలో నూట అరవై మూడో పుట లేదు. ఆయనే విప్పాడని తెలుసు. నౌరత్ పట్టుబడ్డాడు. ఇక నీ ఇష్టం."

సుప్యార్ కాగితం తలకిందులుగా పట్టుకుంది. ఆమెకి చదువు రాదు. ఖాళీని మాత్రం బాగానే గుర్తుపట్టింది.

"కత్తెర ఉందా?" అంది.

బిదామీ తెచ్చిచ్చింది. సుప్యార్ ఘాగ్రా అంచు తిప్పి, నల్లపట్టీ కుట్టు పటపటా కోసింది. లోపల్నుంచి నాలుగు మడతల పొడుగాటి కాగితం తీసింది.

"నిన్న నన్ను వెతికిన అజ్మీర్ ఆడపోలీసు నడుముదాకానే వెతికింది. మా బట్టలు ముట్టుకోవడం ఆమెకి అసహ్యమైంది. నాకు మేలే అయింది."

తేజ్‌పాల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ధాపు కాగితం విప్పి పైకి చదివింది.

"విక్రమ సంవత్ రెండువేల అరవై మూడు, కార్తీక శుద్ధ ఏకాదశి. కుచామన్ సోఢానీ వంశం, సేఠ్ రామ్‌నివాస్ రెండో కొడుకు తారాచంద్, పుష్కర స్నానానికి వచ్చాడు. వెంట భార్య సుప్యార్, నాలుగు నెలల కూతురు మూమల్. పెళ్ళి నా చేతులమీద జరిగింది. రాసినవాడు ఛీతర్‌మల్. కింద తారాచంద్ దస్కత్."

"మా ఆయన" అంది సుప్యార్. "పదిహేడేళ్ళు నెలకోసారి వచ్చేవాడు. అన్న ఘీసూలాల్‌కి తెలిస్తే బతకనివ్వడని ఎవరికీ చెప్పలేదు. మొన్న మాఘంలో జబ్బుచేసి పోయాడు. చలవరాళ్ళ గనిలో సగం ఆయనది. ఇప్పుడా సగం నా కూతురిది. ఆ అన్న వచ్చి, పుట చింపమని పండాజీని అడిగాడు. పండాజీ ఏమన్నాడో తెలుసా? 'నేను రాసేవాణ్ణి, చెరిపేవాణ్ణి కాదు' అన్నాడు. అన్నాక భయపడ్డాడు, సేఠ్ నౌరత్‌కి డబ్బు ఆశ చూపిస్తున్నాడని. మొన్న సాయంత్రం ఆరింటికి పిలిచి ఇది నా చేతిలో పెట్టాడు. మర్నాడు అజ్మీర్ కోర్టుకి తనే వస్తానన్నాడు. అప్పటిదాకా ఎవరికీ చూపించొద్దన్నాడు. పోలీసులకసలే వద్దన్నాడు. మర్నాడు ఆయనకి రాలేదు."

"మూమల్ ఎక్కడుంది?" అని అడిగింది ధాపు.

"చెప్పను."

"అజ్మీర్లో. నర్సింగ్ చదువుతోంది" అన్నాడు తేజ్‌పాల్.

ఇద్దరూ తలతిప్పి చూశారు.

"పొద్దున దీని ఫోన్లో హాస్టల్ నంబరు చూశాను. సేఠ్ అడిగాడు. నిందితురాలికి కూతురుందట పాపం, పేపర్లో చూసి బెంబేలెత్తకుండా మావాళ్ళని పంపి మెల్లగా చెప్పిస్తాను, చిరునామా ఇవ్వండి అన్నాడు. పెద్దమనిషి, దయగలవాడనుకున్నాను. ధాపూ, నేనే ఇచ్చాను."

ధాపు అప్పటికే హాస్టల్‌కి ఫోన్ కలిపింది. వార్డెన్ తీరుబడిగా మాట్లాడింది. ఆ అమ్మాయి పెదనాన్నట, తెల్లజీపులో వచ్చాడు. వాళ్ళమ్మకి ప్రమాదం జరిగిందన్నారు. అమ్మాయి ఏడుస్తూ ఎక్కింది. ఎన్నింటికా, మూడూ పదికి. ఎందుకమ్మా, ఏమైంది?

గడియారం మూడూ ముప్పై అయిదు.

"జీపు నేను నడుపుతాను" అన్నాడు తేజ్‌పాల్. "కాగితం నీ దగ్గరే ఉంచు. నాకివ్వకు. నేనడిగినా ఇవ్వకు."

బయటికొచ్చేసరికి సుప్యార్ ముందుసీట్లో కూర్చుని ఉంది. "నువ్వింకా అరెస్టులో ఉన్నావు, దిగు" అంది బిదామీ. "ఎక్కాను. దింపి చూడు" అంది సుప్యార్. ఎవరూ ప్రయత్నించలేదు.

అజ్మీర్ దారిలో నాగపహాడ్ కొండ ఎక్కే మొదటి మలుపు దగ్గర, ధాపు ఠాణా నుంచి వెంట తెచ్చిన సుప్యార్ ఫోన్ మోగింది. తెరమీద మూమల్ బొమ్మ. ధాపు స్పీకర్ నొక్కింది.

"నౌరత్ దొరికాడు, నిన్ను వదిలే ఉంటారు. పుట నీ దగ్గరే ఉంది, తీసుకుని మా పాత గని దగ్గరికి రా" అంది ఒక మగగొంతు, నింపాదిగా, వ్యాపారం మాట్లాడుతున్నట్టు. "ఒక్కదానివే. చీకటి పడకముందు. గొయ్యి లోతు ఎంతో నీ మొగుడు చెప్పే ఉంటాడు."

సుప్యార్ ఫోన్ లాక్కుంది. "ముందు నా కూతురి గొంతు వినిపించు."

గాలి రొద, ఎవరో ఎవర్నో విదిలించిన చప్పుడు. తర్వాత ఒక పడుచు గొంతు, రొప్పుతూ, ఒక్క వణుకు లేకుండా వచ్చింది.

"అమ్మా, నాన్న దస్కత్ ఉన్న పుట ఇవ్వకు. వీళ్ళు నలుగురు, గని పడమటి..."

ఫోన్ తెగిపోయింది.

తేజ్‌పాల్ జీపు వేగం పెంచాడు. సుప్యార్ ఆ ఫోన్‌ని గుప్పెట్లో బిగించి, ముందున్న రోడ్డునే చూస్తూ అంది.

"విన్నారుగా. పడమటి వైపు."